లెక్కకు రాని బంతులు



పోయిన నెల మా చెల్లెలి కొడుకు టెక్సాస్ నుంచి ఫోన్ చేశాడు. మంచి కోపం మీద ఉన్నాడు. వాడి కొడుక్కి పన్నెండేళ్ళు. అక్కడి పిల్లల బేస్‌బాల్ జట్టులో బంతి విసిరేది వాడే. అలా విసిరేవాణ్ణి అక్కడ పిచర్ అంటారు. ఆ రోజు ఆట గెలుపు అంచు దాకా వచ్చిందట. ఇంకిద్దరిని అవుట్ చేస్తే చాలు. సరిగ్గా అప్పుడు పక్కన కాగితం పట్టుకుని కూర్చున్న మనిషి లేచి, "ఈ అబ్బాయి లెక్క అయిపోయింది" అన్నాడట. కోచ్ వచ్చి పిల్లవాడి చేతిలోంచి బంతి తీసేసుకున్నాడు. తర్వాత వచ్చినవాడు ఆట చెడగొట్టాడు. "ఎనభై అయిదు బంతులంట మామా! అంతకుమించి ఒక్కటి వెయ్యకూడదంట. ఎవరు పెట్టినారు ఈ లెక్క?" అని వాడి బాధ.

నేను ఊఁ కొడుతున్నానే గానీ, నా మనసు అక్కడ లేదు. పుంగనూరులో ఉంది.

ముప్పై ఏళ్ళకు పైగా బళ్ళలో పిల్లకాయలకు విజిల్ ఊదినవాణ్ణి నేను. కుర్రవాళ్ళు పి.ఇ.టి. సార్ అనేవాళ్ళు, ఊళ్ళో పెద్దవాళ్ళు డ్రిల్లు మాస్టరు అనేవాళ్ళు. కుప్పంలో కొన్నాళ్ళు, పుంగనూరులో కొన్నాళ్ళు చేసి, మదనపల్లెలో రిటైరయ్యాను. పుంగనూరులో ఉండగా నా దగ్గర ఒక పిల్లవాడుండేవాడు. పేరు చెప్పను. పద్నాలుగేళ్ళకే నా ఎత్తు వచ్చేశాడు. ఆ ఒక్క ఏడాదిలో వాళ్ళమ్మ వాడి ప్యాంటు అంచు రెండుసార్లు విప్పి కుట్టింది. వాడు బంతి వేస్తున్నాడంటే కీపర్ అడగకుండానే రెండడుగులు వెనక్కి జరిగేవాడు. బడి మ్యాచ్ అయితే వాడే మొదలుపెట్టాలి, వాడే ముగించాలి. ఆదివారం ఊరి టీమువాళ్ళు వచ్చి, "సార్, మీ పిల్లోణ్ణి ఒక్క మ్యాచ్‌కి పంపండి సార్" అంటే నేనే పంపేవాణ్ణి. నాకు గొప్పగా ఉండేది, దాచేదేముంది.

ఒకరోజు సాయంత్రం నెట్స్ దగ్గరికొచ్చి, "సార్, నడుం ఎడంపక్క నొస్తా ఉంది" అన్నాడు. నేనేమన్నానో ఇప్పటికీ గుర్తే. "నాలుగు రౌండ్లు పరిగెత్తు, ఒళ్ళు వేడెక్కితే అదే పోతుంది" అన్నాను. వాడు పరిగెత్తాడు. చెప్పిన మాట వినే పిల్లవాడు మరి. ఆ తర్వాత ఇంకో నెల్లాళ్ళు బౌలింగ్ చేశాడు కూడా. ఒకనాడు బంతి వేసి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. బెంగుళూరు తీసుకుపోయి స్కానింగ్ తీయిస్తే, వెన్ను అడుగుభాగంలో ఒక ఎముకకు ఎడంపక్క సన్నని పగులు. ఎక్కడా పడలేదు, ఎవరూ కొట్టలేదు. వాళ్ళ నాయన నన్నడిగాడు, "దెబ్బ తగలకుండానే ఎముక ఎట్లా పగులుతుంది సార్?" అని. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత వెతుక్కుంటూ పోయాను. పోతే, విచిత్రంగా, మనకు ఒక్క ముక్క తెలియని బేస్‌బాల్ దగ్గరికే దారి తీసింది.

బేస్‌బాల్ బంతికీ మన క్రికెట్ బంతికీ బరువులో పెద్ద తేడా లేదు. వాళ్ళది నూట నలభై గ్రాముల పైచిలుకు, మన డ్యూస్ బాలు నూట అరవై దరిదాపు. తేడా అంతా చేతిలో ఉంది. మన బౌలర్ మోచేయి వంచి విసరకూడదు, విసిరితే అంపైర్ నో బాల్ అంటాడు. పిచర్ మోచేయి వంచే విసురుతాడు, మామిడి చెట్టు మీదికి రాయి విసిరినట్టు. కుప్పం దిక్కు తమిళం మాట్లాడే పిల్లకాయలు దొంగ బౌలింగ్‌ని 'మాంగా' అని వెక్కిరిస్తారు. మాంగా అంటే మామిడికాయే. బేస్‌బాల్ అంటే అచ్చంగా మాంగా ఆట అన్నమాట!

చెయ్యి వెనక్కి వాలి ముందుకు దూసుకొచ్చే ఆ క్షణంలో భుజం దగ్గర చెయ్యి తిరిగే వేగం సెకనుకు 7,000 డిగ్రీలు దాటుతుందని కొలిచారు. మీ నెత్తిమీది ఫ్యాను బాగా తిరిగితే సెకనుకు ఆరేడు చుట్లు. పిచర్ చెయ్యి అదే వేగంతో సెకను పాటు తిరగగలిగితే పంతొమ్మిది చుట్లు చుట్టేస్తుంది. అంత విసురుకు మోచేతి లోపలివైపు, అంటే మన ఒంటికి ఆనుకునే వైపు, విచ్చిపోతుందేమో అన్నట్టు సాగుతుంది. దాన్ని పట్టి ఉంచేది ఎముకకూ ఎముకకూ మధ్య ఉన్న ఒక చిన్న కట్టు, మీ చిటికెన వేలంత కూడా ఉండదు. 1974లో టామీ జాన్ అనే పిచర్‌కు ఆ కట్టు తెగిపోయింది. అంతకుముందు అయితే ఆట అక్కడితో సరి. లాస్ ఏంజెలిస్‌లో ఫ్రాంక్ జోబ్ అనే డాక్టరు ఆయన రెండో చేతి మణికట్టు దగ్గర్నుంచి ఒక తాడులాంటి స్నాయువును తీసి, మోచేతిలో కొత్త కట్టుగా వేశాడు. మళ్ళీ ఆడే అవకాశం నూటికి ఒక్క పాలే అనుకున్నారట. ఆ మనిషి 1976లో తిరిగొచ్చి 1989 దాకా ఆడాడు. ఆపరేషన్‌కు ఆయన పేరే స్థిరపడింది. దాంతో ఒక పిచ్చి కూడా పుట్టింది. ఆ ఆపరేషన్ చేయిస్తే బంతి వేగం పెరుగుతుందని నమ్మే తల్లిదండ్రులు అక్కడ బయలుదేరారు. అమాయకత్వానికి పాస్‌పోర్టు అక్కర్లేదు.

ఇది పెద్దవాళ్ళ సంగతి. పిల్లవాడికి వచ్చేసరికి తెగేది ఆ కట్టు కాదు. ఎదిగే వయసులో ఎముక కొసన ఒక మెత్తటి పొర ఉంటుంది, అక్కడే ఎముక పొడుగు పెరిగేది. గ్రోత్ ప్లేట్ అంటారు డాక్టర్లు. పిల్లవాడి మోచేతిలో అన్నిటికంటే బలహీనమైంది అదే. కట్టు గట్టిగానే ఉంటుంది, కట్టు అతుక్కున్న చోట మెత్తటి పొర విడివడడం మొదలవుతుంది. లోపలివైపు ఉన్న ఆ పొర గట్టిపడి ఎముకలో కలిసిపోయేది పదిహేను, పదిహేడేళ్ళ నడుమ. భుజం దగ్గరిది ఇంకా ఆలస్యం. వెన్నెముక సంగతయితే, ఇరవై దాటినా పూర్తి గట్టిదనం రాదు. పైగా పన్నెండు, పదిహేనేళ్ళ మధ్య మగపిల్లలు ఏడాదికి మూడు, నాలుగంగుళాలు పెరిగే ఘడియ ఒకటొస్తుంది. ఎముకలు ముందు సాగుతాయి, కండరాలు వెనకాల పడి వస్తాయి. ఒళ్ళంతా బిగదీసిన నులకమంచంలా ఉంటుంది. సరిగ్గా అదే ఏడు మనం, "అబ్బో, పిల్లోడు ఎత్తు పెరిగినాడు, ఇప్పుడు స్పీడ్ వస్తుంది" అని బంతి చేతికిస్తాం.

పుంగనూరు ఆవులు లోకమంతటికీ తెలుసు. మేక ఎత్తున ఉంటాయని ఫొటోలు తీసుకుంటారు. ఆ ఊరి రైతును అడగండి, కోడెను కాడికి ఎప్పుడు కడతావని. నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. పాలపళ్ళ దూడ మెడ మీద కాడి పెడితే మెడ చెడుతుందని వాళ్ళ తాతల నాటి నుంచి తెలుసు. దూడకు చూసిన పళ్ళు నేను పిల్లవాడికి చూడలేదు.

సరే, నడుముకు వద్దాం. మన బౌలర్ మోచేయి వంచకూడదు గనక, ఆ విసురంతా ఎక్కడో ఒకచోటి నుంచి రావాలి కదా. అది నడుము నుంచి వస్తుంది. కుడిచేతి బౌలర్ ముందరి ఎడంకాలు నేలకు తాటించినప్పుడు ఆ కాలి మీద పడే బరువు ఒంటి బరువుకు అయిదు రెట్ల దాకా, ఒక్కోసారి అంతకుమించి కూడా ఉంటుంది. సరిగ్గా ఆ క్షణంలోనే నడుము వెనక్కి వాలి, పక్కకు వంగి, మెలి తిరుగుతుంది. ఆ మూడూ కలిసి నొక్కేది కింది వెన్నుపూసకు ఎడంపక్కన. అందుకే కుడిచేతి వాడికి ఎడంవైపు నొప్పి. భుజాలు ఒకవైపు, తుంటి ఒకవైపు చూస్తూ బౌలింగ్ చేసేవాళ్ళకు ఆ మెలి ఇంకా ఎక్కువ. మన నేల సంగతి మీకు తెలిసిందే. ఎర్రమట్టి కింద రాయి. బూట్లు లేకుండా, కొన్నిచోట్ల సిమెంటు పిచ్ మీద, పిల్లకాయలు కాలు తాటిస్తూనే ఉంటారు.

ఎముక రాయి కాదు, ప్రాణమున్నది. ప్రతి బంతికీ కంటికి కనబడని నెర్రెలు విడుస్తుంది. పడుకుంటే, వదిలేస్తే, అదే పూడ్చుకుంటుంది. పూడేలోగా మళ్ళీ బంతి వేస్తే నెర్రె మీద నెర్రె. వారం వడ్డీకి తెచ్చిన అప్పులాంటిది. కంతు కట్టకుండా దాటేస్తూ పోతే ఒకరోజు ఇంటి ముందు నిలబడి అడుగుతుంది. పుంగనూరు పిల్లవాడి ఎముక పగిలింది ఆ చివరి బంతికి కాదు.

మరి దేనికి? అమెరికాలో కూడా ఈ ప్రశ్న మీద చాలాకాలం కొట్టుకున్నారు. వాళ్ళకు అనుమానం కర్వ్ బాల్ మీద, అంటే గాల్లో వంపు తిరిగే బంతి. పిల్లలు ఆ మెలి వేయబట్టే మోచేయి పోతోందన్నారు. మన దగ్గర ఆ నేరం దిష్టి మీద వేస్తాం. పేపర్లో పిల్లోని ఫొటో పడింది, దిష్టి తగిలింది, నడుం పట్టేసింది అని. అలబామాలో గ్లెన్ ఫ్లైసిగ్, జేమ్స్ ఆండ్రూస్ అనే ఇద్దరు, వాళ్ళ తోటివాళ్ళు ఏళ్ళ తరబడి పిల్లల వెంటబడి లెక్కలు తీశారు. 481 మంది పిల్ల పిచర్లను పదేళ్ళు గమనించి 2011లో బయటపెట్టిన దాంట్లో కర్వ్ బాల్ మీద నేరం రుజువు కాలేదు. ఏడాదికి వంద ఇన్నింగ్స్‌కు (అక్కడి ఇన్నింగ్స్ మనదానికంటే చాలా చిన్న విడత) మించి విసిరినవాళ్ళకు మాత్రం పెద్ద గాయం ముప్పు మూడున్నర రెట్లు తేలింది. అంతకుముందు 2006లో వాళ్ళు ఆపరేషన్ దాకా పోయిన కుర్రాళ్ళను, గాయం లేని కుర్రాళ్ళతో పక్కపక్కన పెట్టి చూశారు. ఏడాదిలో ఎనిమిది నెలలకు మించి ఆడినవాళ్ళకు ముప్పు అయిదు రెట్లు. చెయ్యి అలిసిపోయినా తరచూ విసురుతూ పోయినవాళ్ళకు ముప్పై ఆరు రెట్లు.

ముప్పై ఆరు. నేను ఆ అంకె చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. నాలుగు రౌండ్లు పరిగెత్తమన్న మాట చెవిలో మోగింది.

టెక్సాస్‌లో మా వాడికి కోపం తెప్పించిన ఎనభై అయిదు అక్కడి నుంచి వచ్చింది. అక్కడ పిల్లల బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్ వాళ్ళు 2007లో బంతుల లెక్క పెట్టారు. పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు 85. అరవై ఆరు దాటాడంటే నాలుగు రోజులు బంతి ముట్టకూడదు. జపాన్‌లో ఈ లెక్క ఇంకా ఆలస్యంగా వచ్చింది. అక్కడ హైస్కూలు పిల్లల బేస్‌బాల్ అంటే మనకు సంక్రాంతీ తిరుపతి బ్రహ్మోత్సవాలూ ఒకేసారి వచ్చినట్టు. 1998 ఆగస్టులో దైసుకె మత్సుజాకా అనే పదిహేడేళ్ళ కుర్రాడు ఒకే ఆటలో 17 ఇన్నింగ్స్, 250 బంతులు విసిరాడు. మన లెక్కలో నలభై ఒక్క ఓవర్లా నాలుగు బంతులు, ఒక్క రోజులో. దేశమంతా కళ్ళనీళ్ళు పెట్టుకుని చప్పట్లు కొట్టింది. 2011లో అతనికీ టామీ జాన్ ఆపరేషనే అయింది. జపాన్ వాళ్ళు వారానికి 500 బంతులకు మించి వద్దని కట్టడి చేసింది 2020లో.

ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు కుర్ర ఫాస్ట్ బౌలర్లకు చాలాకాలం అమలు చేసిన లెక్క కూడా చెబుతాను, ఇంట్లో బౌలర్ ఉంటే రాసుకోండి. పదమూడేళ్ళలోపు జట్లలో ఒక విడతకు 5 ఓవర్లు, రోజుకు 10. పదిహేనేళ్ళలోపు ఒక విడతకు 6, రోజుకు 12. పదిహేడేళ్ళలోపు 7, 18. వరుసగా రెండు రోజులకు మించి వద్దు, వారంలో నాలుగు రోజులు చాలు.

ఇవన్నీ చదివాక, మదనపల్లెలో ఒక పద్నాలుగేళ్ళ కుర్రవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వాడి వారం రాయించాను. తెల్లవారి కోచింగ్‌లో ఎనిమిది ఓవర్లు, అయిదు రోజులు. సాయంత్రం వీధిలో టెన్నిస్ బాల్ ఆట, ఎట్లా లేదన్నా పది ఓవర్లు, అదీ అయిదు రోజులు. శనివారం బడి మ్యాచ్ ఎనిమిది. ఆదివారం టోర్నమెంటు, రెండు మ్యాచ్‌లు, నాలుగేసి ఓవర్లు. వెరసి 106 ఓవర్లు. అంటే 636 బంతులు. మామూలు రోజునే పద్దెనిమిది ఓవర్లు పడుతున్నాయి, ఆ వయసుకు రాసిన లెక్క పన్నెండయితే. ఇందులో ఫీల్డింగ్‌లో బౌండరీ నుంచి విసిరిన త్రోలు లేవు. మోచేయి, భుజం పోయేది వాటి దగ్గరే. టెన్నిస్ బాల్ మరీ మాయది. అరవై గ్రాములు కూడా ఉండదు, తేలిక గదా అనుకుంటాం. తేలిక కాబట్టే స్పీడ్ రావాలంటే ఒళ్ళంతా విదిలించాలి, కొంచెం మాంగా కూడా కలపాలి. ఆ ఆటకు కోచ్ ఉండడు, అడిగేవాడుండడు.

ఆ కాగితం చూసి నాకు కొత్తగా తెలిసిందేమంటే, వాడి చేత మోతాదు మించి వేయించిన దుర్మార్గుడు ఒక్కడూ లేడు. కోచ్ తన ఎనిమిది ఓవర్లే వేయించాడు. బడి సార్‌కు తన ఎనిమిదే తెలుసు. టోర్నమెంటు కెప్టెన్‌కు తన నాలుగే. వాళ్ళలో ఎవరూ తప్పు చేయలేదు. మొత్తం ఎంతయిందో కూడినవాడే లేడు. అంపైర్ జేబులో ఆరు రాళ్ళుంటాయి, ఓవర్ కాగానే మళ్ళీ మొదటి రాయి. ఇంకోటి, వాడు బాగా వేస్తాడు గనకనే నలుగురూ వాణ్ణే పిలిచారు. సోమరిగా వేసేవాడి నడుము ఎప్పుడూ బాగానే ఉంటుంది. దున్నే ఎద్దునే పొడుస్తారని ఊరికే అనలేదు.

పైగా ఇప్పుడు స్పీడు పిచ్చి ఒకటి. ఫోన్లో కొలిచే యాప్‌లు వచ్చాయి, కుర్రాళ్ళు ప్రతి బంతీ పందెం బంతిలాగే వేస్తున్నారు. అమెరికా పెద్ద లీగ్‌లో 2008లో వేగంగా వేసే బంతి సగటు గంటకు 147 కిలోమీటర్ల దాకా ఉంటే, 2024కు దాదాపు 152కు చేరింది. గాయాలూ దాంతోపాటే పెరిగాయని ఆ లీగే 2024 డిసెంబరులో ఒక నివేదికలో ఒప్పుకుంది. మన పిల్లల ఆశ నాకర్థమవుతుంది. రాయచోటి దగ్గరి చిన్నమండెం మండలం నుంచి పోయిన హరిశంకర్ రెడ్డిని 2021లో చెన్నై సూపర్ కింగ్స్ తీసుకుందంటే, ఇక్కడ ప్రతి పల్లెలో ఒక పిల్లవాడు రనప్ పెంచుకున్నాడు. తప్పేముంది? కానీ ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ ప్యాట్ కమిన్స్ కథ కూడా వాళ్ళకెవరైనా చెప్పాలి. 2011 నవంబరులో పద్దెనిమిదేళ్ళకు జొహానెస్‌బర్గ్‌లో మొదటి టెస్టు ఆడి, ఒక ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు తీశాడు. రెండో టెస్టు ఆడింది ఎప్పుడనుకున్నారు? 2017 మార్చిలో, మన రాంచీలో. నడుం ఎముక మళ్ళీ మళ్ళీ పగిలి, అయిదేళ్ళకు పైగా ఆగాడు. ఆగనిచ్చారు. కాబట్టే తర్వాత కెప్టెన్ అయ్యాడు. అంతకు చాలా ముందు, 1973లో, అదే ఆస్ట్రేలియా బౌలర్ డెనిస్ లిల్లీకి వెస్టిండీస్ పర్యటనలో ఇదే పగులు వస్తే ఒంటికి ప్లాస్టర్ కట్టి ఆట మాన్పించారు.

ఆగడం మన సీమకు తెలియని విద్య కూడా కాదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. స్ట్రెప్టోమైసిన్ మందు రాకముందు క్షయ రోగులు దేశం నాలుగు మూలల నుంచీ అక్కడికి వచ్చేవాళ్ళు. ఇచ్చిన మందులు ప్రధానంగా మూడు, మంచి గాలి, మంచి తిండి, కదలకుండా పడుకోవడం. అటు విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు కట్టు ఉంది. ఆ ఆకుపసరులో ఏముందో డాక్టర్లు వాదించుకోనీండి. వెదురుబద్దలు బిగించి కట్టాక చెయ్యి కదిలించలేవు, అది మాత్రం నిజం. చిక్కేమంటే వెన్నుపూసకు అట్లా బద్దలు కట్టడం కుదరదు. పగులు బయటికి కనబడదు. మొదట్లో ఎక్స్‌రేలో కూడా చాలాసార్లు కనబడదు, ఎం.ఆర్.ఐ. తీయాలి. అందుకని ఇంట్లో చేయదగ్గ చిన్న పరీక్ష ఒకటి చెబుతాను. పిల్లవాణ్ణి ఒంటికాలి మీద నిలబెట్టి వెనక్కి వాలమనండి. నడుం ఒకపక్క పొడిచినట్టు నొప్పి అంటే, ఆ పూటకే బంతి దాచేసి ఎముకల డాక్టరు దగ్గరికి పోండి. మోచేతి లోపలివైపు నొక్కితే నొప్పి, బంతి విసిరిన మర్నాడు చెయ్యి పూర్తిగా చాచలేకపోవడం, ఇవీ అంతే. నొప్పి మాత్ర మింగించి మ్యాచ్‌కు పంపొద్దు. చెప్పడానికి ఒంటికి ఉన్న నోరు ఆ నొప్పి ఒక్కటే. రాగి సంగటి పెట్టండి, ఎముకకు మంచిదే, కాల్షియం దండిగా ఉంది. సంగటి తిన్నాడు కదా అని ఇంకో పది ఓవర్లు వేయించొద్దు, అంతే.

పుంగనూరు పిల్లవాడు పది నెలలు ఆగాడు. తిరిగొచ్చాక ఫాస్ట్ వేయలేదు, కొన్నాళ్ళు స్పిన్ వేశాడు, తర్వాత మానేశాడు. ఇప్పుడు మదనపల్లె టమోటా మార్కెట్‌లో ఒక మండీలో లెక్కలు రాస్తాడు. సీజన్‌లో లారీలు బారులు తీరినప్పుడు పోయి చూశాను. ఒక్క క్రేటు తేడా వచ్చినా మళ్ళీ మొదటి నుంచి ఎంచుతాడు. నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు. ఆ నాలుగు రౌండ్ల మాట నేనెత్తలేదు, వాడూ ఎత్తలేదు.

ఈమధ్య కుప్పం దగ్గర ఒక పల్లెకు పోయాను. అక్కడొక పిల్లవాడు బాగా వేస్తున్నాడని విని చూద్దామని. ఇంటి గోడకు క్యాలెండర్ ఉంది. ప్రతి గడిలో నీలం రంగులో పాల లెక్క, పొద్దున నాలుగు లీటర్లు, సాయంత్రం మూడున్నర అని. దాని కిందనే ఎర్ర ఇంకుతో 36, 42, సున్నా, 30. అదేందమ్మా అనడిగితే ఆ తల్లి, "వీడు వేసిన బాల్స్ సార్. మీరేగా బడిలో చెప్పిపోయినారు. పాల లెక్కా, వీని లెక్కా ఒకే తావున ఉంటే మరిచేది ఉండదు" అంది. ఆ రోజు ఆదివారం. గడిలో ముందే సున్నా చుట్టి ఉంది. ఊరి టీము కెప్టెన్ వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు, బండి కూడా తెచ్చుకున్నాడు. ఆమె అతనికి చెంబుతో మజ్జిగ ఇచ్చింది. కొడుకును మాత్రం ఇవ్వలేదు.